కిటికీకి ఇవతల, అవతల

ఇటీవల మన కార్యాలయాలలో నలుగురు ఎక్కడ కూర్చున్నా రెండు మాటలు తరచుగా వినిపిస్తున్నాయి. ఒకటి ఫ్రంట్‌ఎండ్, రెండవది బ్యాకెండ్. సెలవు దరఖాస్తు, వైద్య ఖర్చుల చెల్లింపు, స్టోర్స్ ఇండెంటు వంటి ప్రతి అప్లికేషన్‌ను రెండుగా విడదీసి, ముందు భాగాన్ని ఒక సాంకేతికతతోను, వెనుక భాగాన్ని మరొక సాంకేతికతతోను తిరిగి నిర్మించాలన్న ప్రతిపాదనలు వరుసగా వస్తున్నాయి. ఇది కంప్యూటర్ విభాగం వారి గొడవ, మనకెందుకులే అని చాలామంది మిత్రులు అనుకుంటారు. ఆ విభజన గీతను ఎక్కడ గీస్తారన్నదానిపై మన కుటుంబాల వైద్య కార్డులు, పదవీ విరమణ అనంతరం మనకు అందవలసిన సదుపాయాలు ఆధారపడి ఉన్నాయని నేను ప్రత్యక్షంగా చూశాను. కావున ఈ విషయాన్ని యంత్ర పరిభాషను వీలైనంత తగ్గించి, మన పత్రిక పాఠకులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పాత కథకు కొత్త పేరు

ముందుగా చెప్పవలసినది, ఈ విభజన నిన్న మొన్న పుట్టినది కాదు. 1990ల ఆరంభంలో నేను ఉద్యోగంలో చేరిననాటికి కంప్యూటర్ అంటే చల్లని గదిలోని ఒక పెద్ద యంత్రం, దాని నుండి తీగలతో వచ్చిన ఆకుపచ్చ అక్షరాల టెర్మినళ్లు. టెర్మినల్‌కు సొంత బుద్ధి లేదు. మనం నొక్కిన అక్షరాన్ని లోపలికి పంపడం, లోపలి నుండి వచ్చినదాన్ని చూపడం, ఇంతే దాని పని. ఆ దశాబ్దం చివరకు విజువల్ బేసిక్‌తో తెరలు, ఒరాకిల్‌తో డేటాబేస్ వచ్చాయి. అప్పుడు ప్రతి బల్లమీది కంప్యూటర్‌లోను కొంత బుద్ధి చేరింది. దానితోపాటు కష్టమూ చేరింది. ఒక నివేదికలో ఒక గడి మార్చాలన్నా, ఫ్లాపీలు జేబులో వేసుకొని భవనం నుండి భవనానికి తిరిగి ప్రతి యంత్రంలోను కొత్త ప్రతి ఎక్కించవలసి వచ్చేది.

ఆ తిరుగుడు బాధను వెబ్ తీర్చింది. పేజీ మొత్తం సర్వరులోనే తయారై బ్రౌజరుకు చేరేది. మార్పు ఒక్కచోట చేస్తే చాలు, మరునాటి ఉదయం అందరికీ కొత్త పేజీ కనబడేది. అయితే ప్రతి మీటకూ పేజీ మొత్తం తిరిగి రావలసిందే. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చి, పేజీ మారకుండానే వెనుక నుండి కావలసిన సమాచారం మాత్రమే తెప్పించుకోవచ్చునని లోకానికి చూపాయి. తరువాత 2010లో ఆంగ్యులర్, 2013లో రియాక్ట్, 2014లో వ్యూ అనే సాధనాలు వచ్చాయి. వాటితో ముందు భాగమే ఒక సంపూర్ణమైన ప్రోగ్రాము అయి, మన ఫోనులోనో బ్రౌజరులోనో నడవసాగింది. వెనుక సర్వరు పేజీలు అల్లడం మానివేసి, కేవలం సమాచారాన్ని అందించే పనికి పరిమితమైనది. నేడు మనవారు చెప్పే విభజన ఇదే.

అనగా బుద్ధి మొదట లోపలి గదిలో ఉన్నది, తరువాత బల్లమీదికి వచ్చినది, మళ్లీ లోపలికి వెళ్లినది, ఇప్పుడు సగం మన జేబులోకి వచ్చినది. నా ఉద్యోగ జీవితంలోనే ఈ చక్రం ఒకటిన్నర సార్లు తిరిగినది. అందుచేత ‘ఇదే భవిష్యత్తు’ అని ఎవరైనా బల్ల గుద్ది చెప్పినప్పుడు నేను ఆక్షేపించను. ‘దీనివల్ల ఎవరికి ఏ పని సులువవుతుంది?’ అని మాత్రం అడుగుతాను.

రైల్వే కిటికీ నేర్పిన పాఠం

ఈ విషయం అర్థం కావడానికి మన తెలుగువారికి రైలు టిక్కెట్టు కంటే మంచి ఉదాహరణ లేదు. రాయ్‌పూర్‌లో ఉండే మనకు రైలు ప్రాణంతో సమానం. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం మార్గమే మన పెద్దలలో అనేకులను పార్వతీపురం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి ఇక్కడికి తెచ్చింది. నేటికీ పండుగ వచ్చిందంటే సమతా ఎక్స్‌ప్రెస్‌లోనో, కోర్బా–విశాఖ బండిలోనో బెర్తు కోసం మన ఇళ్లన్నీ ఎదురుచూస్తాయి.

కంప్యూటర్ రిజర్వేషన్ మొదట 1985–86 ప్రాంతంలో ఢిల్లీలో మొదలైనది. తరువాత రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ‘క్రిస్’ రూపొందించిన ‘కాన్సర్ట్’ అనే వ్యవస్థను 1994లో మొట్టమొదట ప్రవేశపెట్టినది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి ఢిల్లీ, కలకత్తా, ముంబయి, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ అనుసంధానమై, దేశంలో ఎక్కడి కౌంటర్ నుండైనా ఎక్కడికైనా టిక్కెట్టు తీసుకొనే వీలు కలిగినది. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ద్వారా ఇంటర్నెట్ అమ్మకం ప్రారంభమైనప్పుడు, ఇంటర్నెట్ కోసం వేరే బెర్తుల ఖాతా పుస్తకం తెరవలేదు. అదే పుస్తకానికి మరొక కిటికీ తెరిచారు. 2014లో ఆ కిటికీని పూర్తిగా మార్చి కొత్త తరం ఈ–టిక్కెట్ వ్యవస్థను తెచ్చారు. నిమిషానికి 2,000 టిక్కెట్ల స్థాయి నుండి 7,200 టిక్కెట్ల స్థాయికి చేరడం దాని లక్ష్యమని ఆ సంవత్సరపు రైల్వే బడ్జెట్టులో ప్రకటించారు. ముందున్న కిటికీని ఇంతగా మార్చినా స్టేషనులోని కౌంటరు గుమాస్తా పని ఆగలేదు. విభజన వల్ల కలిగే మొదటి లాభం ఇదే. కిటికీ మార్చడానికి గోడ పడగొట్టనక్కరలేదు.

మరొక సంగతి గమనించండి. కౌంటరు వద్ద మనం నింపే రిజర్వేషన్ ఫారంలో బండి నంబరు, తేదీ, తరగతి, పేరు, వయస్సు అని గళ్లుంటాయి. గుమాస్తా ఎవరైనా, ఊరు ఏదైనా ఆ గళ్లు అవే. ముందు భాగానికీ వెనుక భాగానికీ మధ్య ఉండే ఒప్పందాన్ని ఇంజనీర్లు ఏపీఐ అంటారు. అది ఇటువంటి ఫారం తప్ప మరేమీ కాదు. ఏ గడిలో ఏమి వ్రాయాలి, తిరిగి ఏమి వస్తుంది, కాదంటే ఏ కారణం చెబుతారు, ఇవన్నీ ముందుగానే నిర్ణయమై ఉండాలి. ఫారం సరిగా ఉంటే ఫోను, వెబ్‌సైటు, కౌంటరు అన్నీ ఒకే పుస్తకంతో మాట్లాడగలవు. ఫారంలో గడి మార్చి ఒక కిటికీకి చెప్పకపోతే ఆ కిటికీ ముందు జనం నిలబడిపోతారు.

ఇక మూడవ పాఠం. ఫోనులో ‘4 బెర్తులు ఉన్నాయి’ అని చూసి, పేర్లు నింపి డబ్బు కట్టేలోగా వెయిటింగ్ లిస్టు వచ్చిన అనుభవం మనలో ఎవరికి లేదు? అక్కడ మోసమేమీ జరగలేదు. తెరమీద కనబడినది ఒక క్షణం క్రితపు చిత్రం. బెర్తు ఎవరిదన్న తీర్పు మాత్రం వెనుకనున్న పుస్తకంలోనే జరుగుతుంది. అట్లా కాక ప్రతి ఫోనుకూ తానే బెర్తు కేటాయించే అధికారం ఉన్నట్లయితే ఒకే బెర్తు మీద ముగ్గురు కూర్చొని పోట్లాడుకొనేవారు.

మన రాయ్‌పూర్ రేషన్ దుకాణం

ఇదే సూత్రాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2012లో ఈ రాయ్‌పూర్ నగరంలోనే చౌక ధరల దుకాణాలకు వర్తింపజేసినది. ‘కోర్ పీడీఎస్’ అని దానికి పేరు. అంతవరకు ఒక కార్డు ఒక దుకాణానికి కట్టుబడి ఉండేది. డీలరు తలుపు మూస్తే కార్డుదారు తిరిగి రావలసిందే. కార్డు లెక్కను కేంద్ర సర్వరుకు మార్చి, దుకాణాలలో చేతి యంత్రాలు పెట్టిన తరువాత, కార్డుదారు తనకు నచ్చిన దుకాణానికి వెళ్లే వీలు కలిగినది. ‘మేరీ మర్జీ’, అనగా ‘నా ఇష్టం’ అని దానిని పిలిచారు. లెక్క ఒకచోట, కిటికీలు అనేకచోట్ల ఉండటం వల్ల సామాన్యునికి కలిగిన ప్రయోజనం ఏమిటో ఈ ఒక్క మాటలో ఉన్నది. నచ్చని కిటికీని వదిలి మరొక కిటికీకి వెళ్లగల స్వేచ్ఛ అది.

మా మోవాలో కూరగాయల బండివాని దగ్గరకు వెళ్లినా ఇదే తత్త్వం కనబడుతుంది. 2016లో వచ్చిన యూపీఐ వల్ల నేను ఒక యాప్ వాడినా, అతడు మరొకటి వాడినా డబ్బు చేరుతుంది. అయితే నేను నా ఫోను తెర చూపి ‘ఇదిగో, కట్టేశాను’ అంటే అతడు తల ఊపడు. తన బండిమీది చిన్న స్పీకరు పెట్టె ‘ఇన్ని రూపాయలు అందినవి’ అని పలికేవరకు సంచి చేతికివ్వడు. కొనేవాని తెరను నమ్మరాదన్నది భద్రతా శాస్త్రంలో మొదటి సూత్రం. అతడు దానిని ఏ కళాశాలలోను చదవలేదు. మన అప్లికేషన్లలోను అంతే. ముందు భాగం ఎవరి ఫోనులోనో నడిచే ప్రోగ్రాము, తెలిసినవాడు దానిని మార్చగలడు. కాబట్టి అక్కడ చేసే తనిఖీ మర్యాద కోసం, వెనుక చేసే తనిఖీ న్యాయం కోసం.

ఫోనే చెప్పింది

ఇంతవరకు విభజన గుణాలే చెప్పాను. ఇక నన్ను కలవరపరచిన సంఘటన ఒకటి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక కార్యాలయంలో విశ్రాంత ఉద్యోగుల వైద్య కార్డుల నవీకరణను రెండు భాగాలుగా విడదీసి, ఫోనులో నడిచే యాప్‌గా తయారుచేశారు. ముందు భాగం ఒక బృందం, వెనుక భాగం మరొక బృందం. నేను ఆ రెండింటిలోను లేను, నెట్‌వర్కు పని చూస్తుండేవాడిని. తెర చూడముచ్చటగా ఉన్నది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ శీతకాలంలో ఒక ఆదివారం ఉదయం, మోవాలో మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. ఆమె భర్త ఫిట్టరుగా పనిచేసి విరమించి, అంతకు ముందు సంవత్సరమే కాలం చేశారు. చేతి సంచిలో మందుల బిల్లులు మడతలు పెట్టి ఉన్నాయి.

“బాబూ, ఆయన పోయాక మా కార్డు ఆపేశారట కదా. ఇక రాదా?” అని అడిగారు.

“ఆపేశారని ఎవరు చెప్పారమ్మా?” అన్నాను.

“ఎవరూ చెప్పలేదు నాయనా, ఫోనే చెప్పింది. మా మనవడు నాలుగుసార్లు చూశాడు. మీట నొక్కుడు పడటం లేదు. పోనీలే, రూలు అలా ఉందేమో అని మందులు మేమే కొనుక్కుంటున్నాం. మూడు నెలలైంది.”

రూలు అలా లేదు. మరణించిన ఉద్యోగుల కుటుంబాలకు నవీకరణ గడువును మార్చి వరకు పొడిగిస్తూ ఉత్తర్వు అప్పటికే వచ్చి ఉన్నది. మరునాడు కార్యాలయంలో విచారించగా విషయం బయటపడినది. ఉత్తర్వు నకలు వెనుక భాగం చూసే బృందానికి అందినది, వారు వెంటనే సర్వరులో నిబంధన మార్చారు. అయితే అదే నిబంధనను ముందు భాగంవారు కూడ తమ ప్రోగ్రాములో విడిగా వ్రాసుకొని ఉన్నారు. గడువు దాటితే మీటను బూడిద రంగులోకి మార్చివేయమని. ఉత్తర్వు పంపిణీ జాబితాలో వారి పేరు లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఊరికే పుట్టలేదు. ఒకే నిబంధన రెండుచోట్ల ఉంటే ఏదో ఒకనాడు అవి వేరువేరు మాటలు చెబుతాయి.

నన్ను అంతకంటే బాధించినది మరొకటి. సర్వరు దస్త్రాలు వెదికితే ఆమె ప్రయత్నించినట్లు ఒక్క పంక్తి కూడ లేదు. నాలుగుసార్లు ప్రయత్నించినా నాలుగుసార్లూ తిరస్కరణ ఆమె చేతిలోని ఫోనులోనే జరిగినది, వెనుకకు కబురు చేరలేదు. నెలవారీ నివేదికలో తిరస్కరించిన దరఖాస్తులు సున్న. ఆ సున్నను చూసి సమావేశంలో అందరూ సంతోషించారు కూడ. పూర్వం కిటికీ వద్ద గుమాస్తా ‘కుదరదు’ అంటే కనీసం ఆ మనిషి ముఖం గుర్తుండేది, గట్టిగా అడిగితే లోపలి అధికారికి వినబడేది. బూడిద రంగు మీటతో పోట్లాడటానికి లేదు. అది కాదని కూడ అనదు, ఊరకే పలకదు. అమాయకులు దానిని ప్రభుత్వాజ్ఞగా భావించి ఇంటికి వెళ్లిపోతారు.

అర్హుల జాబితాలో నవీకరణ చేయించుకోని ప్రతి కుటుంబానికీ ఆ వారంలో ఫోన్లు చేశారు. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ వచ్చినవారు తలా కొన్ని పంచుకున్నారు. ‘మాకు రాదనుకున్నాం’ అన్న మాటే ఎక్కువగా వినబడినది. ఆ పెద్దావిడ కార్డు నవీకరణ అయినది. ఆమె బిల్లులు కాగితం మీదనే సమర్పించి ఆమోదింపజేశారు.

గీత ఎక్కడ గీయాలి?

తదుపరి సమీక్షలో వాదోపవాదాలు జరిగినవి. ఒక సీనియర్ మిత్రుడు ‘ఇందుకే ఈ రెండు ముక్కల వ్యవహారం వద్దన్నాను, పాత పద్ధతే మేలు’ అన్నారు. కొత్తగా చేరిన ఒక యువ ఇంజనీరు, మన పిల్లల వయసు అమ్మాయి, లేచి ఇట్లా అన్నది: “సార్, విడదీయడం తప్పు కాదు. విడదీసిన తరువాత కూడ రెండువైపులా ఒకే పని చేయడం తప్పు.” ఆ మాట నాకు నచ్చినది. పదేళ్ల చర్చకు సరిపడే సారం అందులో ఉన్నది.

ఆ సమీక్ష నుండి, నా అనుభవం నుండి తేలిన విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మొదటిది, అర్హతను నిర్ణయించే ప్రతి నిబంధనా వెనుక భాగంలో ఒక్కచోటనే ఉండాలి. ముందు భాగం తనంతట తాను ‘మీకు లేదు’ అనరాదు. వెనుకను అడిగి, వచ్చిన జవాబును, దాని కారణాన్ని మనిషి భాషలో చూపాలి. పిన్‌కోడ్‌లో ఆరు అంకెలు ఉన్నాయా, తేదీ నింపారా వంటి చిన్న తనిఖీలు ముందు చేయవచ్చు. అది వినియోగదారుని సౌకర్యం కోసం.

రెండవది, ప్రతి తిరస్కరణ నమోదు కావాలి. ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో వెనుదిరిగారో లెక్క ఉంటేనే పొరపాటు బయటపడుతుంది. ఆమోదాలకు మాత్రమే లెక్క ఉన్న వ్యవస్థ తన తప్పును తాను ఎన్నటికీ చూడలేదు.

మూడవది, ముందు భాగం తేలికగా ఉండాలి. కొత్త సాధనాలతో చేసిన తెరలు మొదటిసారి తెరిచినప్పుడు పెద్ద ప్రోగ్రామునే ఫోనులోకి దింపుతాయి. మన కార్యాలయంలోని వేగవంతమైన నెట్‌వర్కులో అది తెలియదు. రాయగడ దాటిన తరువాత కొండల మధ్య బండిలోనో, ఊరిలో పాత ఫోనుతోనో ప్రయత్నించేవారికి తెల్లటి తెర మాత్రమే కనబడుతుంది. పరీక్షించేటప్పుడు మన ఫోనుతో కాదు, మన ఇంట్లో అందరికంటే పాత ఫోనుతో పరీక్షించాలి. పైన పటారం, లోన లొటారం అన్నట్లు కారాదు.

నాలుగవది, ప్రతి అప్లికేషన్‌నూ విడదీయనవసరం లేదు. విడదీస్తే రెండు భాషలు తెలిసినవారు కావాలి, రెండింటినీ వేరువేరుగా ఎక్కించాలి, లాగిన్ గుర్తింపును రెండింటి మధ్య భద్రంగా మోయాలి, ఒకటి కొత్తదై మరొకటి పాతదైనప్పుడు కలవని గళ్లను సవరించాలి. పది రకాల కిటికీలు కావలసినచోట, వెబ్‌సైటూ ఫోనూ కియోస్కూ అన్నీ ఒకే లెక్కతో మాట్లాడవలసినచోట ఈ ఖర్చు సార్థకం. నలభైమంది వాడే, ఇద్దరు చూసుకొనే స్టోర్స్ ఇండెంటు అప్లికేషన్‌కు అది భారం. ఇద్దరు మనుషుల కాపురానికి రెండు వంటిళ్లు ఎందుకు? ఆ సమీక్షలో స్టోర్స్ అప్లికేషన్‌ను ఒకే ముక్కగా ఉంచాలని నిర్ణయించారు. నేటికీ అది అట్లాగే నడుస్తున్నది. వైద్య కార్డుల అప్లికేషన్ విభజన మాత్రం కొనసాగినది, గీత మాత్రం జరిగినది.

ఐదవది, ఇది సాంకేతికం కాదు, పరిపాలనకు సంబంధించినది. ఉత్తర్వు జారీ అయినప్పుడు దాని నకలు రెండు బృందాలకూ వెళ్లాలి. అప్లికేషన్‌ను రెండుగా విడదీసినప్పుడు బాధ్యతను కూడ రెండుగా విడదీస్తే, మధ్య సందులో పడేది ఎప్పుడూ వినియోగదారుడే. ఇరువైపుల పనికీ జవాబుదారీగా ఒక అధికారి పేరు కాగితం మీద ఉండాలి.

పాఠక మిత్రులకు, ముఖ్యంగా విశ్రాంత ఉద్యోగుల కుటుంబాలవారికి ఒక మనవి. ఫోను తెర కాదన్నంత మాత్రాన సంస్థ కాదన్నట్లు కాదు. మీట పనిచేయకపోతే ఆ తెర చిత్రం తీసి, తేదీతో సహా సంక్షేమ విభాగానికి పంపండి. అది చేతకాకపోతే తెల్లకాగితం మీద దరఖాస్తు వ్రాసి, స్వయంగా ఇచ్చి, రశీదు తీసుకోండి. కారణం వ్రాతపూర్వకంగా అడగండి. కారణం చెప్పలేని తిరస్కరణను అంగీకరించనక్కరలేదు. మీ పక్కింట్లో ఒంటరిగా ఉంటున్న పెద్దవారెవరైనా ఉంటే, కార్డు నవీకరణ అయినదో లేదో ఈ నెలలోనే ఒక్కసారి కనుక్కోండి. ‘మాకు రాదనుకున్నాం’ అనే మాట వినబడితే, అక్కడి నుండే మన పని మొదలవుతుంది.